బారా బెత్తెడు

తలుపు వేసేసుకున్నారు, పది దాటింది, నాన్న లోపల, నేను బయట, నా ఒళ్ళో నూట ఎనభై పేజీల ప్రూఫులు, ఆ ప్రూఫుల్లో నలభై మూడు చోట్ల పెన్సిలుతో సున్నా చుట్టిన ఒకే ఒక్క మాట, ఆ మాటకి ఇంకా తెలుగు ఖాయం కాలేదు, పన్నెండింటికల్లా కావాలి. "నువ్వు ఎదురుగా కూర్చుంటే నా చెయ్యి లేవదు, బయటికి పో" అన్నాడు నాన్న, చిన్నప్పుడు ఇంజెక్షన్ వేయించుకుంటూ నేను ఆయన్ని పొమ్మన్నట్టే. ఆయన అప్పుడు పోయాడు కాబట్టి నేనూ ఇప్పుడు వచ్చేశాను. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మంచినీళ్ళ డ్రమ్ము, గోడ మీద భుజం ఎముకల బొమ్మ, గుండ్రటి ఎముక గుంటలో ఎలా ఇముడుతుందో బాణాలు గీసి చూపించిన బొమ్మ. నాలుగు నెలల క్రితం కొట్లో నిచ్చెన మీంచి పడ్డప్పుడు నాన్నకి విరిగింది సరిగ్గా ఆ బాణం చివరే. లోపల ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర కోణం కొలిచే ముక్క ఒకటుంది, జామెట్రీ పెట్టెలో ఉండే కోణమానినికి రెండు చేతులు మొలిచినట్టుంటుంది. చెయ్యి పక్కకి చాస్తే భుజం ఎత్తుకి రావాలి, అది తొంభై. పోయిన వారం అరవై నాలుగు. "తొంభై వస్తే రేపట్నుంచి మళ్ళీ కొట్లో తాడు కొలుస్తా, రాకపోతే ఇక ఈ జన్మకి కొలవను" అని పొద్దున్న చొక్కాలోకి చెయ్యి దూర్చుకుంటూ అన్నాడు. అమ్మ బొత్తాలు పెడుతూ ఒకటి తప్పు కాజాలో పెట్టింది. అమ్మ చెయ్యి తప్పడం మా ఇంట్లో చాలా అరుదు, అందుకే నాకు భయం వేసింది.

కీచుమంటోంది. అది కప్పీ. లోపల తలుపు పైన చిన్న కప్పీ ఒకటి బిగించి ఉంటుంది, దాని మీంచి తాడు, తాడుకి రెండు పిడులు, మంచి చేత్తో కిందికి లాగితే చెడ్డ చెయ్యి పైకి లేస్తుంది. మొదటి రోజు ఆ తాడు చూసి నాన్న మొహం పెట్టిన తీరు నేను మర్చిపోను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడవలకి తాళ్ళమ్మిన మనిషి, ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, అప్పుడు కూడా తాడు చివర రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఏమ్మా, ఇది తాడా, నూడుల్సా? పురి వదిలేసింది" అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు కొట్లోంచి కొత్త తాడు తెచ్చాడు. కప్పీకి నూనె కూడా తెస్తానన్నాడు గానీ ఆ పిల్ల వద్దంది, కీచుమంటేనే కదా బాబాయ్ గారూ మీరు లాగుతున్నట్టు నాకు తెలిసేది అంది. అందుకే ఇప్పుడు నాకూ తెలుస్తోంది, పద్నాలుగు, పదిహేను, మధ్యలో కాస్త ఆగింది, నొప్పి, నా భుజం నాకు తెలియకుండానే పైకి లేచి కూర్చుంది, పక్క కుర్చీలో మోకాలికి పట్టీ వేసుకున్న పెద్దావిడ నన్ను చూసి "నీకూ భుజమేనా అమ్మా?" అంది. కాదండీ అన్నాను. పదహారు.

కొలవను అన్నాడు. నాన్న కొలవకపోతే ఎవరు కొలుస్తారు? కొలవడం అంటే మీటరు బద్దతో కాదు, బారతో. ఎడమ చేతి వేళ్ళకి తాడు చివర ఇచ్చి, కుడి చేత్తో లాగుతూ రెండు చేతులూ పూర్తిగా చాస్తే, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార. మళ్ళీ అందుకుని రెండో బార. తాడు ఆయన ఛాతీ మీంచి పారుతున్నట్టుండేది, కాళ్ళ దగ్గర దానంతట అదే చుట్టలు పడేది, నేను కౌంటరు కింద కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ పైన ఆ చేతులు తెరుచుకోవడం, మూసుకోవడం, తెరుచుకోవడం చూస్తూ ఎక్కాలు తప్పుల తడకగా రాసేదాన్ని. లోకంలో బార అంటే ఆరడుగులు. నాన్నది ఆరడుగుల మీద బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ మందం ఎక్కువ, మనిషి పొడుగు, చేతులు మరీ పొడుగు. అందుకే పడవవాళ్ళు పక్క వీధిలో రెండు కొట్లు దాటుకుని మరీ మా కొట్టుకొచ్చేవాళ్ళు. "బారకి బెత్తెడు చొప్పున ఊరికి ధర్మం చేస్తున్నారు మీ నాన్న" అని అమ్మ నలభై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. అదే మా మామయ్య, అమ్మ తమ్ముడు, ఆయనకి అన్నీ కురచే. నాన్న భోజనానికి లేస్తే మామయ్య కౌంటర్లోకి వచ్చేవాడు, వచ్చిన పడవవాళ్ళు కాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడి, "పర్లేదులెండి, పెద్దాయన తినొచ్చేదాకా ఉంటాం" అనేవాళ్ళు. మామయ్య పేరు ముప్పాతిక. మొహం మీదే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఈ నాలుగు నెలలూ ముప్పాతిక మామయ్యే స్టీలు టేపు పెట్టి కొలుస్తున్నాడు, టేపు అబద్ధం చెప్పదు కదా అంటాడు, నిజమే, చెప్పదు, బెత్తెడు ఎక్కువా ఇవ్వదు.

ఇంక నేను తెలుగు చేస్తున్న ఈ పుస్తకం. రెండొందల ఏళ్ళ కిందట ఒక ఫ్రెంచి ఓడ కప్తాను రాసుకున్న డైరీ. ఏ పేజీ తీసినా చివర లోతు రాస్తాడు, తినడం మరిచిపోయినా లోతు మరవడు. ఎనిమిది బ్రాసులు, ఇసుక, చిన్న గవ్వలు. పదకొండు బ్రాసులు, నల్ల బురద. సీసం గుండు అడుగున గుంట చేసి కొవ్వు మెత్తి తాడుతో కిందికి దించితే, పైకి తీసినప్పుడు ఆ కొవ్వుకి సముద్రం నేల అంటుకుని వస్తుంది, గవ్వలో బురదో ఓడలో నిలబడే తెలిసిపోతుంది, ఈ సంగతి చదివి నేను రెండు రోజులు ఇంట్లో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. కానీ బ్రాసు దగ్గరే పరువు పోయింది. నాకు ఆ మాట మొదట ఎదురైంది ఓడలో కాదు, ఈతకొలనులో. సాయంత్రాల్లో ఫ్రెంచి నేర్పిన మా మాస్టారు ఈతగాడు, బ్రాస్ అంటే ఛాతీ ముందు నుంచి రెండు చేతులూ చాస్తూ ఈదే ఈత అని బల్ల మీద బోర్లా పడుకుని మరీ చూపించాడు, అది కళ్ళలో అలాగే ఉండిపోయింది. నేను ఏ అనుమానం లేకుండా, నిఘంటువు తియ్యకుండా, "ఓడ ఎనిమిది ఈతల్లో లంగరు వేసింది" అని రాసి పంపాను. నలభై మూడు చోట్లా. ప్రెస్సులో మా ఎడిటరు గారు మర్యాదస్తుడు, ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాశాడు: "అమ్మా, ఓడ ఈదుతుందా?"

అప్పుడు తీశాను నిఘంటువు, అందులో పడి ఇక బయటికి రాలేదు. బ్రాసు లోతు కొలిచే కొలత. ఎక్కడిది ఆ మాట? లాటిన్లో చెయ్యి అనే మాటకి బహువచనం, బ్రాకియా, అదే అరిగి అరిగి బ్రాసయింది. ఒక చెయ్యి కాదు, రెండు చేతులు, చాచిన చేతులు. నావికుడు గుండు దించి తాడు పైకి లాగుతూ చేతులు చాచి లెక్కపెట్టాడు, ఎన్నిసార్లు చాస్తే అన్ని బ్రాసుల లోతు, అంతే. చదువుతుంటే కౌంటరు కింద కూర్చున్న పిల్ల పైకి చూసినట్టయింది. సముద్రం లోతుని మనిషి తన చేతులతోనే కొలిచాడు, ఆ దేశంలోనూ, మా కొట్లోనూ. ఆ మాట చుట్టాలు ఎంతమందో! కౌగిలించుకోవడం అనే మాట దానికి తోబుట్టువు, చేతుల్లోకి తీసుకోవడం, అయితే ఫ్రెంచివాళ్ళ నోట్లో ఆ కౌగిలి జారి జారి ఇప్పుడు ముద్దు దగ్గర ఆగింది. చేతికి వేసుకునే బ్రేస్‌లెట్ దానిదే. ఇంకా కిందికి వెతుకుతూ పోతే ఆడవాళ్ళ బట్టల కొట్లో అడగడానికి సిగ్గుపడే ఆ పొట్టి మాట కూడా మొదట చంటిపిల్లల చేతుల చొక్కాయేనని తేలింది, నేను ఒక్కదాన్నే బల్ల ముందు కూర్చుని పడీ పడీ నవ్వాను. కప్తాను గారూ, మీ లోతులూ మా లోదుస్తులూ ఒకే వేరు నుంచి వచ్చాయండీ. ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను, చేతిని మెడ పట్టీలో వేలాడేసుకుని కూర్చున్నాడు, వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి, "వాళ్ళ బార ఎంత?" అని అడిగాడు. అయిదడుగుల పైచిలుకు నాన్నా అన్నాను. "అంతేనా? మీ మామయ్య చుట్టాలా?" అన్నాడు. పడ్డాక ఆయన చేసిన మొదటి వేళాకోళం అది, అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూసి వెళ్ళింది.

మరి బార అని రాసెయ్యొచ్చు కదా? రాశాను. ఎడిటరు గారు ఫోన్ చేశాడు. "బార ఇప్పుడెవరికి తెలుసమ్మా, ఇంగ్లీషు కొలత ఫాథమ్ అనే వేసేద్దాం" అన్నాడు. ఫాథమ్ కూడా మొదట్లో చాచిన చేతులేనట, అదీ చూశాను, కానీ మన అక్షరాల్లో రాస్తే అందులో చేతులు కనపడవు, చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఎవరికి తెలుసు అంటే? బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నావంటే ఎవరికి తెలియదు? బారెడు జడ అంటే తెలియదా? రోజూ నోట్లో ఆడుతున్నదే, అది చేతుల కొలత అని మర్చిపోయారు అంతే. ఇదంతా ఆయనతో గట్టిగా అనాల్సింది. అనలేదు. ఎందుకు అనలేదంటే అప్పటికి నాన్న చెయ్యి నలభై డిగ్రీలు. నలభై మూడు సార్లు బార, బార, బార అని రాసి ఆ పుస్తకం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో ఎలా పెట్టను? ఆయన పోగొట్టుకున్న దాన్ని ఆయనకే చదివి వినిపించినట్టుంటుంది. అందుకని నాలో నేను ఒక పిచ్చి ఒప్పందం చేసుకున్నాను, చెయ్యి లేస్తే బార, లేవకపోతే ఫాథమ్. డబ్బై పుస్తకాలు చదివిన మనిషిని, తుమ్మితే ఆగే వాళ్ళని చూసి నవ్వే మనిషిని, ఒక మాట బతుకుని ఒక భుజం ఎముకకి వేలాడగట్టి ఇక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఫోను. అమ్మ. "లేచిందా?" ఇంకా లోపలే ఉన్నాడమ్మా. "కీచుమంటోందా?" మంటోంది. "ఎన్ని?" ముప్పై దాటింది. "నీళ్ళు తాగించు ఆయనకి" అని పెట్టేసింది. ఎవరు తాగించాలి, తలుపు వేసుకున్నారు కదా. వెనకాల కొట్లో మామయ్య గొంతు, ఎవరితోనో "టేపు సాగదండీ, ఒట్టు" అంటున్నాడు. నవ్వొచ్చింది. కిటికీలోంచి ఎండ వచ్చి నీళ్ళ డ్రమ్ము మీద పడింది, లోపల నీళ్ళు కదులుతున్నాయి, ఆ వెలుగు పైకప్పు మీద వణుకుతోంది, రేవు మెట్ల దగ్గర కూడా ఇలాగే ఉండేది, పడవల పొట్టల మీద నీళ్ళ వెలుగు. నాకు ఎనిమిదేళ్ళు. నాన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి నన్ను వదిలి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళిపోతున్నాడు, దొంగ, అక్కడే ఉంటానని చెప్పి, నా నోట్లో ఉప్పునీళ్ళు, ముక్కులో ఉప్పునీళ్ళు, ఏడుపు, ఆయన రెండు చేతులూ చాచి అరుస్తున్నాడు, వచ్చేశావు, అయిపోయింది, ఇంకో రెండు బారలు వెయ్యి! బార వెయ్యవే! ఇంకొక్క బార!

ఆగు.

బార వెయ్యి అన్నాడు. ఈతకి బార అన్నాడు. అవును, ఈదేటప్పుడు చెయ్యి చాచి నీళ్ళు తొయ్యడం కూడా బారే, బారలు వేస్తూ అవతలి గట్టుకి పోయాడంటాం, ఎన్నిసార్లు అనలేదు! బ్రాసు లోతు, బ్రాసు ఈత. బార లోతు, బార ఈత. ఎక్కడి లాటిన్, ఎక్కడి మేము, ఒకరి ముఖం ఒకరు ఎరగం, రెండు భాషలూ చేతులు చాచి చూసుకుని అవే రెండు పనులకి అదే మాట పెట్టుకున్నాయి, తాడుకీ నీళ్ళకీ. మరి నేను చేసింది తప్పా? తప్పే, ఓడ ఈదదు, కానీ ఎంత ముద్దొచ్చే తప్పు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ప్రూఫులు జారి నేలంతా పరుచుకున్నాయి, ఎనిమిది బ్రాసులు ఒకచోట, పదకొండు బ్రాసులు డ్రమ్ము కింద, పెద్దావిడ పట్టీ వేసిన కాలు కదపకుండా ఒక పేజీ అందించి "మంచి వార్తా అమ్మా?" అంది. చాలా మంచి వార్తండీ అన్నాను. నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ కాయితాలు ఏరుకుంటూ నేను ఒళ్ళంతా సంతోషంగా ఉన్నాను, సంతోషం అంటే ఇదే, ఎవరికీ పనికిరానిది ఒకటి దొరికి, అది నాన్న గొంతులో దొరకడం.

అప్పుడు తెలిసింది కప్పీ ఆగిపోయిందని. ఎప్పుడు ఆగింది? లెక్క తప్పాను. లోపల చప్పుడు లేదు. ఇప్పుడు ఆ పిల్ల కొలిచే ముక్క పెట్టి కోణం చూస్తూ ఉంటుంది. ఏరిన కాయితాలు చంకలో పెట్టుకుని లేచాను, ఒప్పందం ఒప్పందమే, నేనే చేసుకున్నాను, ఇప్పుడు నాకు బార కావాలి, నలభై మూడు చోట్లా కావాలి, తొంభై రాకపోతే నేనే నా చేత్తో దాన్ని కొట్టెయ్యాలి. కొట్టేస్తానా? ఏమో. తొంభై, తొంభై, భుజం బొమ్మ వైపు చూస్తూ అనుకున్నాను, బాణం గుర్తులారా, ఒక్కసారి దారి ఇవ్వండి.

తలుపు బార్లా తెరుచుకుంది. నాన్న. చొక్కా భుజం చెమటతో తడిసింది. మొహంలో ఏమీ లేదు, తాడు కొలిచేటప్పుడు ఉండే మొహం. వెనకాల ఆ పిల్ల కాయితం పట్టుకుని, "ఎనభై రెండు" అంది, "చాలా బాగా లేపారండీ, నిజంగా" అంది, కానీ నాకు ఎనభై రెండే వినపడింది. ఎనిమిది తక్కువ. నాన్న నా వైపు రాలేదు, నా సంచీ వైపు వచ్చాడు. "తాడేదీ?" అన్నాడు. పడ్డ రోజు పొద్దున్న ఆయన చివరిసారి కొలిచి తెంపిన ముక్క అది, ఒక్క బార, ఎవరికోసం తెంపాడో ఆ మనిషి మళ్ళీ రాలేదు, ఇవాళ సంచీలో వెయ్యమని ఆయనే ఇచ్చాడు. తీసి ఇచ్చాను. ఎడమ చేత్తో ఒక కొస పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి చాచాడు, అది ఎప్పటిలాగే గోడ దాకా వెళ్ళింది. కుడి చెయ్యి కదిలింది. మెల్లగా, పక్కకి, ఇంకాస్త పక్కకి, రెండు చేతులూ తెరుచుకున్నాయి, నాలుగు నెలల తరవాత నాన్న ఛాతీ మొత్తం కనపడింది, నన్ను పిలుస్తున్నాడనుకున్నాను, ప్రూఫులు కుర్చీలో పడేసి పరుగున వెళ్ళి ఆ చేతుల మధ్యలో దూరిపోయాను.

"అడ్డు లేవే, కొలత చెడిపోతుంది!" అన్నాడు.

పక్కకి తప్పుకున్నాను. పెద్దావిడ పకపకా నవ్వింది. నాన్న తాడు బిగలాగి, కుడి పిడికిలి దాటి ఎంత మిగిలిందో చూశాడు. ఎడమ చేతి కొస వదిలి, మిగిలిన ముక్క మీద నాలుగు వేళ్ళు పెట్టాడు. సరిగ్గా నాలుగు. ఒకసారి తీసి మళ్ళీ పెట్టాడు. "బెత్తెడు తగ్గింది" అన్నాడు నెమ్మదిగా. నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది, ఆ తరవాత ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది, ఆయనకి భుజం నొప్పి, పట్టుకుని మరీ నవ్వుతున్నాడు. ఆరడుగుల మీద బెత్తెడు ఉండే బార. బెత్తెడు పోతే ఆరడుగులు. లోకం ఒప్పుకున్న అచ్చమైన బార, మా నాన్న చేతుల్లోకి అరవై ఎనిమిదో ఏట వచ్చింది. అమ్మకి ఫోన్ చేశాను. విని, "ఇన్నాళ్ళకి కొలత సరిపోయిందన్నమాట" అంది, నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, అంతలో చిన్న గొంతుతో, "మరి ఆ బెత్తెడు? తక్కువైందని పడవవాళ్ళు చిన్నబుచ్చుకోరూ?" అంది. నలభై ఏళ్ళు సణిగిన మనిషి! నాన్న ఫోను లాక్కున్నాడు. "తెంపే ముందు నాలుగు వేళ్ళు వేసి ఇస్తా. బారా బెత్తెడు. రేపు పొద్దున్నే టిఫిన్ పెట్టెయ్" అన్నాడు.

తొంభై ఏమైంది నాన్నా అని నేను అడగలేదు. ఆయనా పొద్దున్న అన్న మాట ఎత్తలేదు. కొలత ఆయనది, ఎప్పుడు సరిపోయిందో చెప్పాల్సింది ఆయనే, ఆ ప్లాస్టిక్ ముక్క కాదు. నా ఒప్పందం నేనూ అలాగే సర్దుకున్నాను. పన్నెండుకి పది నిమిషాలుండగా ఎడిటరు గారు ఫోన్ చేశాడు. "తేల్చారా అమ్మా?" బార అండీ అన్నాను, నలభై మూడు చోట్లా బార, కింద ఒక్క ముక్క వెయ్యండి, రెండు చేతులూ చాచినంత అని. "అంటే ఖచ్చితంగా ఎంత?" కప్తానుది అయిదడుగుల పైచిలుకు, మనది ఆరడుగులండీ. పక్కనుంచి నాన్న, "పైన బెత్తెడు ఇస్తామని చెప్పు" అన్నాడు. ఎడిటరు గారికి వినపడే ఉంటుంది, "ఎవరమ్మా అది?" అన్నాడు. మా నాన్నండీ, బార ఆయనదే అన్నాను.

తాడు చుట్టచుట్టి సంచీలో పెట్టాను, ప్రూఫులు వరస పెట్టుకున్నాను, వెళ్ళొస్తామని ఆ పిల్లకి చెప్పాను, పెద్దావిడకి చెప్పాను. వెనక్కి తిరిగేసరికి నాన్న కుర్చీల ముందు మళ్ళీ చేతులు చాచి నిలబడి ఉన్నాడు, ఎడమది తిన్నగా, కుడిది కొంచెం కిందికి. ఈసారి నేను మోసపోదల్చుకోలేదు. గోడకి ఆనుకుని, దారి వదిలి, కొలవమన్నట్టు నిలబడ్డాను. ఆయన చేతుల్లో తాడు లేదు.

"ఇప్పుడు కొలవట్లేదులేవే" అన్నాడు నాన్న. "రా."